రేబిస్ వైరస్ మెదడుకు ఎలా చేరుతుంది?

ప్రశ్న: కుక్క పిక్క మీద కరిస్తే, తనంతట తాను కదలలేని రేబిస్ వైరస్ అంత ఎత్తున ఉన్న మెదడుకు ఎలా చేరుతుంది?

జవాబు: దాన్ని మోసుకెళ్లేది మన నాడీకణమే. వెన్నుపాము నుంచి కాలి కండరం దాకా సాగే నాడీతంతువు మీటరు వరకూ పొడవుండవచ్చు. అందులో మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నని పట్టాల మీద డైనీన్ అనే ప్రోటీన్, ఏటీపీ (కణాలకు ఇంధనం లాంటి అణువు) శక్తిని ఖర్చు చేస్తూ, అడుగు తర్వాత అడుగు వేస్తూ, తంతువు కొసన ఉన్న సరుకును వెన్నుపాము వైపు చేరవేస్తుంటుంది. తుపాకి గుండు ఆకారంలో, సుమారు 180 నానోమీటర్ల పొడవుండే ఈ వైరస్ కణపొర సంచిలో దూరి ఆ సరుకులో కలిసిపోతుంది. టిక్కెట్టు లేని ప్రయాణమన్నమాట. ఆపై ఒక నాడీకణం నుంచి మరొకదానికి దాటుతూ మెదడుకు చేరుతుంది. లక్షణాలు బయటపడేందుకు సాధారణంగా 2 నుంచి 3 నెలలు పడుతుంది గనుకనే, కరిచిన వెంటనే గాయాన్ని సబ్బునీటితో 15 నిమిషాలు కడిగి టీకా మొదలుపెడితే వైరస్‌ను దారిలోనే అడ్డుకోవచ్చు.