బలరేఖల బొమ్మ గీసే ముందు

చిరంజీవి మనవరాలికి, ఆశీస్సులు.

విద్యుత్ బలరేఖల (ఆవేశాల చుట్టూ బలం దిశను చూపే గీతల) బొమ్మలు బట్టీ పట్టొద్దమ్మా. ఆవేశాల విలువలు కాస్త మార్చి అడిగితే ఆ బొమ్మ అక్కరకు రాదు. ముందు గీతల లెక్క, తర్వాత తటస్థ బిందువు (రెండు ఆవేశాల క్షేత్రాలు రద్దయ్యే చోటు), ఆ తర్వాతే పెన్సిల్.

+4, −1 మైక్రోకూలుంబ్ ఆవేశాలు 6 సెం.మీ. దూరంలో ఉన్నాయనుకో. గీతల సంఖ్య ఆవేశానికి అనుపాతంలో ఉండాలి. ధనావేశం నుంచి 16 బయలుదేరితే ఋణావేశం దగ్గర 4 ఆగుతాయి, మిగతా 12 అనంతానికి పోతాయి. చాలామంది పదహారింటినీ తెచ్చి ఋణావేశానికే కలిపేస్తారు. ద్విధ్రువం, అంటే సమానమైన ధన, ఋణ ఆవేశాల జంట, బొమ్మ కళ్ళలో ఉండిపోవడం వల్ల వచ్చే తప్పు ఇది.

తటస్థ బిందువును రెండు ఆవేశాల మధ్య వెతక్కు. అక్కడ రెండు క్షేత్రాలూ ఒకే దిక్కుకు ఉంటాయి, రద్దు కావు. చిన్న ఆవేశానికి అవతల చూడు. ఆవేశాల నిష్పత్తి 4, దాని వర్గమూలం 2. అంటే పెద్ద ఆవేశం నుంచి దూరం రెట్టింపు ఉండాలి. ఋణావేశం నుంచి 6, ధనావేశం నుంచి 12 సెం.మీ. సరిచూసుకో: 4ను 144తో భాగించినా, 1ని 36తో భాగించినా ఒకటే. అక్కడ ఒక చుక్క పెట్టి, దాని దగ్గరికొచ్చే గీతలను పక్కలకు విడదీయి.

ధనావేశం దగ్గర, ఋణావేశం వైపు అక్షానికి (రెండు ఆవేశాలను కలిపే గీతకు) 60 డిగ్రీల లోపు బయలుదేరిన గీతలే దాన్ని చేరతాయి. ఆ హద్దు అక్షం చుట్టూ ఒక శంకువు అవుతుంది; దానిలోంచి ధనావేశపు మొత్తం అభివాహంలో (బయటికొచ్చే క్షేత్రం మొత్తంలో) సరిగ్గా నాలుగో వంతు వెళ్తుంది. కాగితం మీద 16 గీతలను సమాన కోణాల్లో పంచితే మాత్రం ఆ హద్దులో 5 గానీ 6 గానీ పడతాయి. కంగారు పడకు, అసలు లెక్క గోళానిది, కాగితం చదునైనది. పరీక్షలో 4 కలిపితే చాలు.

గీతలు ఒకదాన్నొకటి ఖండించకూడదు, ఒక బిందువు దగ్గర బలానికి రెండు దిశలుండవు కదా. గీతల మధ్య ఖాళీలోనూ క్షేత్రం ఉంటుంది.

ఇంకొకటి గట్టిగా గుర్తుంచుకో: బలరేఖ ఆవేశం నడిచే దారి కాదు. గీతకు స్పర్శరేఖ చూపేది బలం దిశ, అంటే త్వరణం దిశ. నిశ్చలంగా వదిలిన ధనావేశం మొదట గీత వెంటే కదులుతుంది. వేగం పుంజుకున్నాక వంపు దగ్గర తిరగలేక గీత దాటి బయటికి పోతుంది.

ల్యాబులో లెక్చరర్‌ని అడిగి, ఆయన దగ్గరుండగానే ఒక ప్రయోగం చూడు. గాజు పళ్ళెంలో పల్చగా ఆముదం పోసి, పైన సన్నని బొంబాయి రవ్వ చల్లి, రెండు ఎలక్ట్రోడ్లకు కొన్ని వేల వోల్టులు ఇస్తారు. గింజలు ధ్రువణం చెంది (రెండు కొసల్లో వ్యతిరేక ఆవేశాలు ఏర్పడి) బలరేఖల వెంట బారులు తీరతాయి. రవ్వ ఎక్కువైతే గింజలు ముద్దకట్టి ఏమీ కనిపించదు. ఆ బారులు దిశను చెప్పవు, బాణం గుర్తులు నువ్వే పెట్టుకోవాలి, ధనం నుంచి ఋణానికి.

తాతయ్య