నీ మొక్క పేరేమిటి?

అమ్మాయీ,

నీ సినిమా స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మునిగిపోయిన అమలాపురం బస్టాండు మీదుగా పడవ వెళ్లే సీను బాగుంది. 48వ పేజీకి వచ్చేసరికి మాత్రం ఒళ్లు మండింది. ‘భూమ్మీద మిగిలిన ఆఖరి మొక్క’ అని రాశావు. ఏ మొక్క? పేరుండదా దానికి? పైగా నలభై ఏళ్లు చీకటి నేలమాళిగలో దాచారట. వెలుతురు లేకుండా ఎలా బతికింది తల్లీ?

1972లో డగ్లస్ ట్రంబుల్ తీసిన ‘సైలెంట్ రన్నింగ్’ చూడు. భూమ్మీద అడవులు పోయాక, మిగిలినవాటిని అంతరిక్ష నౌకల మీద గాజు గుమ్మటాల్లో పెంచుతుంటారు. నౌక శనిగ్రహం దాటాక అడవి వాడిపోవడం మొదలవుతుంది. ఆ అడవి కోసం తోటివాళ్లనే చంపిన వృక్షశాస్త్రవేత్తకి కూడా కారణం వెంటనే తట్టదు. సూర్యుడు దూరమైపోయాడు, అంతే! తట్టాక దీపాలు బిగిస్తాడు. నా వరకు ఆ సినిమా అంతా ఆ ఒక్క మరపు మీదే నిలబడింది.

నువ్వు రాసేది ఉప్పునీళ్లు ముంచేసిన కోనసీమ. వరి పోతుంది, ఒప్పుకుంటాను. ఉప్పునీటి బురదలోనే పెరిగే మడ చెట్టు ఎందుకు పోవాలి? తెల్లమడ ఆకుని వేలితో రాసి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా తగులుతుంది. ఒంట్లో చేరిన ఉప్పుని ఆకుల్లోంచి బయటికి తోసేస్తుందది. ఉప్పుపొన్న కాయైతే చెట్టు మీదుండగానే మొలకెత్తి, ములక్కాడలా వేలాడి, బురదలోకి జారుతుంది. ఇంతకంటే వింత మొక్కని ఏ గ్రహం నుంచి తెస్తావు?

1996 నవంబరు తుఫాను తర్వాత నేను మడ మీద కథ రాశాను. ఓ వారపత్రిక ఎడిటరు ‘తెల్లమడ’ కొట్టేసి ‘పచ్చని చెట్టు’ అని వేశాడు. పాఠకులకి తెలియదట! మడ కర్రతో పొయ్యి వెలిగించుకున్న ఊళ్లున్నాయి మన తీరంలో. వాళ్లు పాఠకులు కారా? వాడితో గొడవ పడ్డాను. రెండేళ్లు నా కథ ఎక్కడా అచ్చు కాలేదు, ట్యూషన్లు చెప్పుకుని బతికాను. ఆ పేజీ చూస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

నీ విలన్ కంపెనీని తీసెయ్. ఎగువ ఆనకట్టల దగ్గర ఒండ్రు ఆగిపోవడం, రొయ్యల చెరువుల కోసం మడ నరికేయడం చాలు డెల్టా కుంగిపోవడానికి.

ఆదివారం, సముద్రం నీళ్లు వెనక్కి తీసే పాటు వేళకి, కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవికి రా. బురదలోంచి మడ ఊపిరి వేర్లు పెన్సిళ్లలా లేచి ఉంటాయి. చెక్క వంతెన మీద కూర్చుని, ఒక్క చెట్టు చుట్టూ ఎన్నున్నాయో లెక్కపెట్టు. ఇంటికెళ్లి 48వ పేజీ మళ్లీ రాయి.

మీ మాస్టారు