పెద్ద సంఖ్యకు పేరు పెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

12,34,56,789 అనే సంఖ్య, సంఖ్యల రకాల్లో ఏ కోవలోకి వస్తుందని అడిగావు. ఏ కోవలో చేర్చాలన్నా ముందు దాన్ని ప్రధాన కారణాంకాలుగా చివరికంటా విడగొట్టాలమ్మా. సగంలో ఆపి పేరు పెడితే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

అంకెల మొత్తం 45 కనుక 9తో భాగించు. 1,37,17,421 మిగులుతుంది. దీని అంకెల మొత్తం 26, ఇక 3తో పని లేదు. 7, 11, 13 మూడింటినీ ఒకేసారి చూడొచ్చు: కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి 421 − 717 + 13 చెయ్యి. వచ్చేది −283. 283ను ఆ మూడింటిలో ఏదీ భాగించదు, కాబట్టి మన సంఖ్యనూ భాగించదు. 7 × 11 × 13 = 1001 కావడమే దీనికి ఆధారం. లక్షలు, కోట్ల కామాల దగ్గర విడదీస్తే మాత్రం లెక్క తప్పుతుంది, జాగ్రత్త.

ఇక ఓపిక కావాలి. 1,37,17,421కు వర్గమూలం 3703 పైచిలుకు. అంతలోపు ప్రధాన సంఖ్యలు 500కు పైనే ఉన్నాయి. వెయ్యి దాకా చూసి, ఏదీ భాగించలేదని దీన్ని ప్రధాన సంఖ్య అనేయకు. కారణాంకాలు వర్గమూలానికి దగ్గర్లో దాక్కుని ఉండొచ్చు. అలాంటి వాటిని పట్టుకోవడానికే గణితవేత్త ఫెర్మా వర్గాల తేడా పద్ధతి: సంఖ్యను a² − b²గా రాయగలిగితే అది (a − b)(a + b) అవుతుంది, అందుకే వర్గమూలానికి పైనున్న పూర్ణసంఖ్య నుంచి a విలువలను ఒక్కొక్కటిగా చూస్తాం.

3704² = 1,37,19,616. అందులోంచి మన సంఖ్యను తీసేస్తే 2195. 5తో ముగిసే వర్గం చివర 25 ఉండి తీరాలి, కనుక ఇది వర్గం కాదు. 3705² = 1,37,27,025. ఈసారి తేడా 9604, అంటే 98². కాబట్టి (3705 − 98)(3705 + 98) = 3607 × 3803. రెండే అడుగుల్లో తేలిపోయింది, ఎంత ముచ్చటగా ఉందో చూడు!

అన్నిసార్లూ ఇలా జరగదు. 12,34,567 = 127 × 9721. కారణాంకాలు దూరదూరంగా ఉండటంతో ఇదే పద్ధతికి 3813 అడుగులు పడతాయి. మామూలు భాగహారంలో 127 అన్నది 31వ ప్రధాన సంఖ్యే. అందుకే ముందు చిన్న ప్రధాన సంఖ్యలతో కొంతదూరం భాగించి, ఆ తర్వాత వర్గాల తేడాకు వెళ్లు. 3607ను 59 వరకు, 3803ను 61 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూడటం మరిచిపోకు. రెండూ ప్రధాన సంఖ్యలేనని అప్పుడే ఖాయమవుతుంది.

ఇప్పుడు మన సంఖ్య 3² × 3607 × 3803. ఘాతాంకాలకు ఒక్కొక్కటి కలిపి గుణిస్తే 3 × 2 × 2 = 12 భాజకాలు. వాటి మొత్తం 13 × 3608 × 3804 = 17,84,22,816. 3²కు 1 + 3 + 9 = 13 వేయాలి, మధ్యలోని 3ను వదిలేసి 10 వేయకూడదు. ఈ మొత్తంలోంచి సంఖ్యను తీసేస్తే 5,49,66,027. తనను వదిలేసి మిగతా భాజకాల మొత్తం ఇలా సంఖ్యకంటే తక్కువైతే దాన్ని న్యూన సంఖ్య అంటారు, కనుక ఇది న్యూన సంఖ్య. భారతీయ గణితవేత్త కాప్రేకర్ చెప్పిన హర్షద్ సంఖ్య (తన అంకెల మొత్తంతో భాగించబడేది) కూడా కాదు: అంకెల మొత్తం 45 దీన్ని భాగించాలి, కానీ చివర 9 ఉన్న సంఖ్యను 5 భాగించదు, కనుక 45 కూడా భాగించదు.

రెండు వర్గాల మొత్తమా అన్న ప్రశ్న దగ్గర తొందరపడకు. 4తో భాగిస్తే శేషం 1 వస్తుంది, అది చూసి అవునేమో అనిపిస్తుంది. కానీ రెండు వర్గాల మొత్తం కావాలంటే, 4తో భాగిస్తే శేషం 3 ఇచ్చే ప్రతి ప్రధాన కారణాంకం సరిసంఖ్యసార్లు ఉండాలి. 3607, 3803 విడివిడిగా శేషం 3 ఇస్తాయి, పైగా ఒక్కొక్కసారే ఉన్నాయి. కాబట్టి ఏ రెండు వర్గాలు కలిపినా ఈ సంఖ్య రాదు.