వ్యాసం రాసేవాళ్లకు, దిద్దేవాళ్లకు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: జిల్లాస్థాయి వ్యాసరచన పోటీకి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అంశం ఇచ్చారు. గంట టైము, నాలుగు పేజీలు. బడిలో రాసి చూపిస్తే "సమాచారం ఉంది, వ్యాసం కాలేదు" అన్నారు మా సారు. నా వ్యాసం జతచేశాను. ఏం తక్కువైంది?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, కర్నూలు

జవాబు: మొదటి పేజీ అంతా "భరతమాత ముద్దుబిడ్డ", "సీమ సింహం" లాంటి మాటలకే సరిపోయిందమ్మా. తిరుగుబాటు ఎందుకు వచ్చిందో మాత్రం రెండే వాక్యాలు రాశావు. దిద్దేవాళ్లు వెతికేది ఆ రెండు వాక్యాలనే. పెంచాల్సింది వాటిని.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంఫిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి, దత్తం చేశాక స్థానిక పాలకులైన పాలెగాళ్ల అధికారం పోయి పింఛన్లు మిగిలాయి. నరసింహారెడ్డికి వచ్చేది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఈ అంకెను వ్యాసంలో తప్పకుండా వాడు. పేజీడు పొగడ్త చేయలేని పని అదొక్కటే చేస్తుంది. అయితే ఒక్కడి పింఛను కోసం ఊళ్లకు ఊళ్లు కత్తులు పట్టవు గదా. కావలి కాసే కట్టుబడివాళ్లు తరతరాలుగా అనుభవిస్తున్న మాన్యాలను కుంఫిణీ లాగేసుకుంది. భూమి పోయిన ఆ మనుషులే ఆయన వెంట నడిచారు. నీ వ్యాసానికి వెన్నెముక ఇది. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి, అక్టోబరులో పట్టుబడటం, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలోనే ఉరి, తలను 1877 దాకా కోటకు వేలాడదీసి ఉంచటం, ఇవన్నీ ఆ కారణం చెప్పాకే వరసగా రావాలి.

ఇక తప్పులు. ఆయన 1857 తిరుగుబాటులో పోరాడాడని రాశావు. అప్పటికి ఉరితీసి పదేళ్లయింది. కర్నూలు కలెక్టరు సైన్యాన్ని పంపాడన్నావు. ఆ రోజుల్లో కోయిలకుంట్ల కడప కలెక్టరు కింద ఉండేది, కలెక్టరు పేరు కాక్రేన్. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు అది ఇటు వచ్చింది. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. పెద్దవాళ్లు కూడా ఇక్కడ పొరపడుతుంటారు కాబట్టి నువ్వు సరిగ్గా రాస్తే అది కంటికి ఆనుతుంది. సినిమాలో చూసిన సన్నివేశాలు ఒక్కటి కూడా వద్దు.

గంటలో 8 నిమిషాలు చిత్తుకు, 42 రాతకు, 10 తిరిగి చదువుకోవడానికి ఉంచుకో. పేజీల లెక్క: ప్రారంభం అరపేజీ, కారణాలు ఒకటిన్నర, ఘటనలు ఒకటింబావు, నీ అభిప్రాయం ముప్పావు. చిత్తులో వాక్యాలు రాయకు, తేదీలు, పేర్లు, అంకెలు మాత్రమే. ముగింపులో "ఆయన బాటలో నడుద్దాం" అనొద్దు. కట్టుబడివాళ్లు లేకుంటే ఆ తిరుగుబాటు జరిగేదా? ఆ ప్రశ్నకు నీ జవాబు రాసి కలం దించెయ్యి.

ప్రశ్న: మొల్ల మీద వ్యాసం రాయాలి. ఏ గైడు తెరిచినా ఒకే రాత. పద్యం ఉదాహరించమన్నారు, ఉదాహరిస్తే "అతికించినట్టుంది" అంటున్నారు.
– ఇంటర్ విద్యార్థి, కడప

జవాబు: పద్యం ఎంచుకున్నాక దానితో పని చేయించాలి. మొల్ల రామాయణం పీఠికలోని ఈ ఆటవెలది తీసుకోండి:

తేనె సోఁక నోరు తీయన యగురీతిఁ
దోడ నర్థమెల్లఁ దోచకుండ
గూఢశబ్దములను గూర్చినకావ్యమ్ము
మూఁగచెవిటివారి ముచ్చటగును

ముందు ఒక వాక్యంలో ఎందుకు చెబుతున్నారో రాయండి: కావ్యం ఎలా ఉండాలో మొల్లకు స్పష్టమైన అభిప్రాయం ఉంది. తర్వాత పద్యం. ఆ తర్వాత తాత్పర్యమంతా కాకుండా ఒక్క చోట వేలు పెట్టండి. తేనె తగలగానే నోరు తీపెక్కినట్టు, వినగానే అర్థం తట్టాలి అంటోంది. ఆలోచించి తెలుసుకునే అర్థం ఆమెకు చాలదు. చివరగా, ఈ మాటకు ఆమే కట్టుబడిందా అని చూడండి. రామాయణంలో తేట తెలుగు పద్యం ఒకటి, సంస్కృత సమాసాలున్న పద్యం ఒకటి పక్కపక్కన పెట్టండి. గైడులో దొరకని వ్యాసం అక్కడ మొదలవుతుంది. నా పక్షపాతం దాచుకోను, మొల్ల మీద రాయదగిన అసలు విషయం ఇదే.

కంఠస్థం చేసిన పద్యం తప్పు పోకుండా గణాలు వేసి చూసుకోండి. చాలామంది మొదటి పాదంలో "తీయనగు రీతి" అని రాస్తారు. ఆటవెలది మొదటి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు కావాలి. ఆ ఒక్క "య" పోతే చివరి రెండు ఇంద్రగణాలు కుదరవు. యతి కూడా సాయం చేస్తుంది: తే–తీ, దో–దో, గూ–గూ, మూ–ము. నాలుగో గణం మొదటి అక్షరం కలవకపోతే ఎక్కడో మాట మారిందన్నమాట.

శ్రీకంఠ మల్లేశ్వరుని వరంతో కవిత్వం అబ్బిందని ఆమె తానే చెప్పుకుంది, అది నిశ్చింతగా రాయొచ్చు. రాయల సభకు వెళ్లిందన్న కథకు మాత్రం "అని చెప్పుకుంటారు" తగిలించండి.

ప్రశ్న: నలభైమంది పిల్లలు ఫోనులోంచి దించిన ఒకే వ్యాసం ఇస్తున్నారు. అంశం మన్రో దొర. ఏం చేయాలి?
– ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: అంశం ఇరుకు చేయండి సార్. "మన్రో జీవితం" అంటే ఎవరైనా దించేస్తారు. 1800 నుంచి 1807 దాకా ఆయన దత్తమండలాల (నిజాం కుంఫిణీకి ఇచ్చేసిన ప్రాంతాల) ప్రిన్సిపల్ కలెక్టరు. పొలాలు కొలిపించి రైతు పేరనే శిస్తు కట్టాడు. అలాంటివాడు వెళ్లిపోయే ముందు ఆ శిస్తును నాలుగో వంతు తగ్గించమని పైవాళ్లకు ఎందుకు సిఫారసు చేశాడు? ఈ ప్రశ్న ఇస్తే దించడానికి ఏమీ దొరకదు.

మంత్రాలయంలో ఆయనకు రాఘవేంద్రస్వామి దర్శనమిచ్చాడనీ, పోయే ముందు గండి కొండల మధ్య బంగారు తోరణం కనిపించిందనీ చెప్పే కథలు పిల్లలు ఎలాగూ రాస్తారు. కొట్టేయకండి. వాటిని వేరే పేరాలో పెట్టి, జనం ఆయన్ను ఎలా గుర్తుపెట్టుకున్నారో చెప్పడానికి వాడమనండి. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడన్నది చరిత్ర, తోరణం నమ్మకం. రెండూ ఒకే వాక్యంలో కలిస్తే మార్కు తీసేయండి.

20 మార్కుల్లో విషయానికి 6, ఆధారం వాడిన తీరుకు 6, అమరికకు 4, భాషకు 4 ఇచ్చి, చిత్తుప్రతి లేని వ్యాసం తీసుకోనని ముందే చెప్పండి.

ప్రశ్న: వేమన పుట్టిన సంవత్సరం ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఉంది. ఏది రాయాలి?
– పదో తరగతి విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: ఏదీ రాయకు నాయనా, అది తేలని విషయం. తేలినవి రాయి. కదిరి దగ్గర కటారుపల్లెలో సమాధి ఉంది. సి.పి. బ్రౌన్ పద్యాలు సేకరించి 1829లో అచ్చువేయించాడు, 1839లో మరిన్ని చేర్చి మళ్లీ వేయించాడు. కనిపించిన ఆటవెలదినల్లా వేమనకు అంటగట్టకు. ఉదాహరించే పద్యంలో "విశ్వదాభిరామ వినుర వేమ" ఉందో లేదో చూసుకో. ఉన్నా సరే, అచ్చయిన సంకలనంలో ఒకసారి సరిచూసుకో, మకుటం తగిలించి తర్వాతివాళ్లు కట్టినవి చాలానే ఉన్నాయి. ఒక పూట కడపలోని బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లి, వేమన సంకలనాలు రెండు మూడు అడిగి తీయించుకుని, ఒకే పద్యం వాటిలో ఎలా మారిందో పక్కపక్కన రాసుకో.