మార్పు అడగని ప్రాజెక్టుతో డిజైన్ పాఠం ఎలా ఒంటబడుతుంది?

ప్రశ్న: విశ్వవిద్యాలయంలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ బోధిస్తున్నాను. మార్పులకు అనువైన డిజైన్ గురించి విద్యార్థులు పరీక్షలో చక్కగా రాస్తారు. ప్రాజెక్టులో మాత్రం చిన్న మార్పు అడిగినా సగం ప్రోగ్రామును తిరగరాస్తారు. లోపం ఎక్కడుందంటారు?

జవాబు: లోపం మీ పాఠంలో కంటే ప్రాజెక్టు గడువులో ఉందని నా అభిప్రాయం. సెమిస్టరు చివర ఒక్కసారి ప్రదర్శించి, మార్కులు వేయించుకున్నాక మళ్ళీ ముట్టుకోనక్కరలేని ప్రోగ్రాముకు మంచి డిజైన్ ఎందుకో విద్యార్థికి తెలిసే అవకాశమే లేదు. ప్రాజెక్టును సెమిస్టరు సగానికే ముగించి, మిగిలిన వారాల్లో ముందుగా చెప్పని మార్పులను ఒక్కొక్కటిగా అడగండి. వీలైతే జట్ల కోడ్‌ను అటూ ఇటూ మార్చండి. ఎవరు రాసిన కోడ్ వారికి ఎప్పుడూ తేటగానే కనిపిస్తుంది.

సిద్ధాంతం చెప్పడానికి 1972లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పరిశోధకుడు డేవిడ్ పార్నస్ ప్రచురించిన వ్యాసంలోని ఉదాహరణ ఇప్పటికీ సరిపోతుంది. ప్రతి వాక్యంలోని మొదటి పదాన్ని ఒక్కొక్కసారిగా చివరికి తిప్పుతూ, అలా వచ్చిన వరుసలన్నిటినీ అక్షరక్రమంలో పేర్చే చిన్న సూచిక ప్రోగ్రామును ఆయన రెండు విధాలుగా విభజించారు. మొదటిది పని జరిగే క్రమాన్ని అనుసరించింది: చదవడం, తిప్పడం, పేర్చడం, ముద్రించడం. రెండవ దానిలో, మారే అవకాశమున్న నిర్ణయం ఒక్కొక్కటీ ఒక్కో మాడ్యూల్ (ప్రోగ్రాములోని విడి భాగం) లోపల దాగి ఉంటుంది. వాక్యాలను మెమరీలో నిల్వచేసే పద్ధతి మారితే మొదటి విభజనలో ప్రతి మాడ్యూల్‌నూ సవరించాలి, రెండవ దానిలో ఒక్కదానితో సరిపోతుంది. విద్యార్థుల చేత రెండూ రాయించి, ఆ తర్వాతే ఆ మార్పు అడగండి.

2000 సంవత్సరపు తేదీల సమస్యనూ (00ను కంప్యూటర్లు 1900గా పొరబడే ప్రమాదాన్ని) ఇదే దృష్టితో చూపవచ్చు. సంవత్సరానికి రెండే అంకెలు వాడడం, మెమరీ ఖరీదైన ఆ రోజుల్లో, అర్థమున్న నిర్ణయమే. కానీ ఆ నిర్ణయం ఒకచోట కాక ఫైళ్ళలోనూ, లెక్కల్లోనూ, తెరల మీదా చెదిరి ఉండడం వల్ల సవరణ అంత భారమైంది.

ఒక హెచ్చరిక. ఈ పాఠం కొత్తగా విన్నవారు ప్రతిదానికీ ఒక ఇంటర్‌ఫేస్ (లోపలి పనితీరును దాచే మధ్య పొర) తగిలిస్తారు, దీన్ని మాన్పించడం, నిర్ణయాలను చెదరగొట్టే మొదటి తప్పును మాన్పించడం కంటే కష్టం. అందుకే కోడ్ మొదలుపెట్టకముందే, ఏవి మారవచ్చో, ఎందుకు మారవచ్చో కారణాలతో ఒక పేజీ రాయించండి. కారణం చెప్పలేని చోట సాదా కోడే ఉండనివ్వండి. మార్కులు వేసేటప్పుడు ఆ పేజీని, కోడ్‌లోని ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్ సాధనం చరిత్ర పక్కన పెట్టి, ఒక్కో మార్పు ఎన్ని ఫైళ్ళను తాకిందో విద్యార్థి చేతనే లెక్కపెట్టించండి.