పాత గాజు సీసాల్లో మామిడికాయ తొక్కు పెట్టొచ్చా?

కాఫీ పొడి, జామ్ అయిపోయిన సీసాల్లో ఈ ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టొచ్చా, పాత వాసన ఎలా పోతుంది అని అడిగారు. నిస్సందేహంగా పెట్టొచ్చు. మాది హనుమకొండ. మా ఇంట్లో ఏటా తొక్కు ఉండేది అలాంటి సీసాల్లోనే.

ఒక ఏడాది మాత్రం మూడు సీసాలు పారబోశాను. సీసాలు బాగానే మరిగించాను, మూతల సంగతి పట్టించుకోలేదు. మూత లోపల అంచు చుట్టూ రబ్బరులాంటి పొర ఉంటుంది కదా, దాని సందులో నీళ్లు మిగిలిపోయాయి. పది రోజుల తర్వాత మూత తీస్తే అంచు చుట్టూ తెల్లటి నూగు, కింద తొక్కు మీద బూజు. అత్తమ్మ తన చేత్తో కలిపిన తొక్కు అది. తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకే ముందు మూత చూడండి. వాసన గాజుకు పట్టదు, ఈ పొరకే పడుతుంది. సీసాలో గోరువెచ్చని నీళ్లు, రెండు చెంచాల వంటసోడా వేసి రాత్రంతా ఉంచితే కాఫీ వాసన పోతుంది. మూతను కూడా అదే నీళ్లలో నానబెట్టండి. అయినా వాసన వస్తే, లేదా లోపల తుప్పు కనిపిస్తే, ఆ మూత తొక్కుకు వద్దు. ఉప్పు, పులుపు తగిలితే తుప్పు ఇంకా పెరుగుతుంది. మా వరంగల్ చపాటా మిర్చి కారానికి రంగు ఎక్కువ, మూత పొరకు ఎర్రగా పట్టిందంటే ఎంత తోమినా వదలదు. ఒకసారి తొక్కుకు వాడిన మూత ఇక తొక్కుకే.

సీసా నోటి చుట్టూ వేలితో తడిమి చూడండి. పెచ్చు లేచినా, వెలుతురులో సన్నటి పగులు కనిపించినా పక్కన పెట్టేయండి. లేబుల్ జిగురు పోవాలంటే నూనె, వంటసోడా కలిపి రాసి అరగంట ఆగి పీచుతో తోమితే చాలు.

మరిగించేటప్పుడు పెద్ద గంజు అడుగున పాత నూలుగుడ్డ పరిచి, సీసాలు పెట్టి, అవి మునిగేలా చల్లటి నీళ్లు పోసి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించండి. మరిగే నీళ్లలో చల్లటి సీసా వేస్తే పగులుతుంది. తెర్లడం మొదలయ్యాక 10 నిమిషాలు ఉంచండి. ప్లాస్టిక్ మూతలైతే మరిగించకుండా వేడి నీళ్లలో కడగండి.

బయటికి తీశాక గుడ్డతో తుడవొద్దు. నీళ్లు వంపేసి నిటారుగా పెడితే సీసా వేడికే చాలా తడి ఆరిపోతుంది. తర్వాత పల్చటి గుడ్డ కప్పి మూతలతో సహా ఎండలో పెట్టండి. మే నెలలో మా డాబా మీద మూడు గంటలు చాలు. పూర్తిగా చల్లారాక చిటికెడు పొడి ఉప్పు వేసి ఊపి చూస్తాను. ఒక్క రవ్వ గోడకు అంటుకున్నా మళ్లీ ఎండకే. తొక్కు నింపాక పైన వేలెడు నూనె తేలాలి.

ఇంకొక మాట. బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషాన్ని తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఈ మరిగింపుకు చావవు. మామిడికాయ తొక్కును దాని పులుపు, ఉప్పు కాపాడతాయి. నూనె పోసిన అల్లం ఎల్లిగడ్డ ముద్దకు ఆ రక్షణ లేదు. సీసా ఎంత శుభ్రంగా ఉన్నా దాన్ని బయట ఉంచకండి. ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల లోపు వాడేయండి, ఎక్కువ చేస్తే మిగతాది ఫ్రీజర్‌లో పెట్టండి.