చవక కిచెన్ క్యాబినెట్లు: ముందు సింకు కింద వంగి చూడండి

పోయిన వారం ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఈ దేశం వచ్చి మూడేళ్ళు, ఇల్లు కొనుక్కుని మూడు నెలలు. వంటింట్లో క్యాబినెట్లన్నీ మార్పించాలి, చేతిలో ఉన్నది తక్కువ. మూడు చోట్ల కొటేషన్లు తీసుకుందట. ఎక్కువ చెప్పినవాళ్ళ ధరలో సగమే చెప్పారు తక్కువ చెప్పినవాళ్ళు. "అక్కా, ఫొటోల్లో మూడూ ఒకేలా ఉన్నాయి. చవకది తీసుకుంటే రెండేళ్ళకే ఊడిపోతుందేమో, ఖరీదుది తీసుకుంటే ఊరికే పేరుకి డబ్బు పోసినట్టవుతుందేమో, ఎలా తేల్చుకోవాలి?" అంది. కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది నన్నడిగేదే ఇది. అందుకే ఆ పిల్లకి ఫోన్‌లో చెప్పింది కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా నిర్వాకం చెప్పాలి. మొదటి ఇంటికి మేం క్యాబినెట్లు కొన్నప్పుడు షోరూంలో చూసిందల్లా తలుపులే. తెల్లగా, అద్దంలా మెరుస్తున్నాయి. నేను రంగు చూశాను, మా ఆయన ధర చూశారు. వంగి లోపల చూసినవాళ్ళం ఎవరమూ లేం. ఏడాది తిరిగాక ఒకరోజు సింకు కింద సబ్బు సీసా పక్కకి ఒరిగి కనిపించింది. నిలబెడితే మళ్ళీ ఒరిగింది. టార్చి వేసి చూస్తే అడుగు పలక ఉబ్బి గుట్టలా లేచింది. వేలితో నొక్కితే తడిసిన అట్టముక్కలా లోపలికి దిగింది, పొట్టు రాలింది. పైపు పగల్లేదు. జాయింటు దగ్గర ఎప్పుడో ఒక చుక్క, అంతే. కానీ బిగించిన మనిషి పైపుల కోసం పలకకి కన్నం కోసి, కోసిన అంచుకి ఏమీ పూయకుండా వదిలేశాడు. ఆ చుక్క తిన్నగా పచ్చి అంచులోకి ఇంకిపోయింది. అమ్మినవాళ్ళని అడిగితే నీటివల్ల జరిగిన నష్టానికి వారంటీ లేదన్నారు. కాగితం తీసి చదివితే నిజమే, రాసి ఉంది.

అసలు బాధ ఆ తర్వాత తెలిసింది. తలుపు పాడైతే నాలుగు మరలు విప్పి మార్చుకోవచ్చు. పెట్టె పాడైతే దాని మీద కౌంటర్‌టాప్ ఉంటుంది, అందులో సింకు దిగి ఉంటుంది, గోడకి సిలికాన్ పట్టి ఉంటుంది. ఒక్క పెట్టె మార్చాలంటే ఇవన్నీ లేపాలి. మేం మార్చలేదు. అడుగున ఇంకో పలక వేసి, ఆ ఇల్లు అమ్మేదాకా అలాగే నెట్టుకొచ్చాం.

అప్పట్నుంచి నేను క్యాబినెట్‌ని రెండుగా విడదీసి చూస్తాను, తర్వాత మార్చుకోగలిగేవి, మార్చుకోలేనివి అని. తలుపులు, హ్యాండిళ్ళు, బందులు మొదటి రకం. పెట్టె, దాని అంచులు, దాని వెనక పలక రెండో రకం. డబ్బు తక్కువున్నప్పుడు ఉన్నదంతా రెండో రకం మీద పెట్టాలి. కొటేషన్లలో పెద్ద తేడా తెచ్చేది చాలాసార్లు తలుపులే కాబట్టి ఇది అనుకున్నంత కష్టం కాదు.

పెట్టె దేనితో చేశారో అడగండి. మనవాళ్ళలో చాలామందికి ప్లైవుడ్ అంటే ఉన్న నమ్మకం పొట్టు పలక మీద ఉండదు. ఇక్కడ బడ్జెట్ క్యాబినెట్లలో ఎక్కువగా దొరికేది ఆ పొట్టు పలకే. యూరప్‌లో చిప్‌బోర్డు అంటారు, అమెరికాలో పార్టికల్ బోర్డు అంటారు. చెక్క తునకల్ని జిగురుతో కలిపి వేడిమీద ఒత్తి, రెండువైపులా మెలమైన్ అనే గట్టి ప్లాస్టిక్‌లాంటి పొర అతికిస్తారు. అది పేరు విని కొట్టిపారేయాల్సిన సరుకేమీ కాదు. మధ్య పొరల్లో బోలుగా ఉన్న నాసి ప్లైవుడ్ కంటే మంచి చిప్‌బోర్డే నయం.

మందం మాత్రం స్వయంగా కొలవండి, వాళ్ళ నోటిమాట వద్దు. మామూలుగా కనిపించేవి 15, 16, 18, 19 మిల్లీమీటర్లు. అమెరికాలో చవక రకాల్లో అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్ల పక్క పలకలు కూడా ఉంటాయి. రెండు మిల్లీమీటర్లేగా అనిపిస్తుంది. కానీ పలక వంగకుండా నిలిచే గుణం మందంతో పాటు ఘనం లెక్కన పెరుగుతుంది. 16 కంటే 18 మిల్లీమీటర్ల అర 40 శాతం పైచిలుకు గట్టిగా ఉంటుంది. వెడల్పు అంతకంటే మోసం చేస్తుంది. 600 మిల్లీమీటర్ల అర మీద ఎంత దట్టంగా గిన్నెలు పేరుస్తామో 900 అర మీద కూడా అంతే దట్టంగా పేరిస్తే, అది దాదాపు ఐదు రెట్లు కిందికి కుంగుతుంది. బరువు గిన్నెలుంటే వెడల్పు పెట్టె ఒకటి బదులు ఇరుకువి రెండు తీసుకోండి, లేదా మధ్యలో ఒక ఆధారం పెట్టమనండి.

యూరప్‌లో కొనేవాళ్ళకి ఇంకో గుర్తు ఉంది. ఈఎన్ 312 అనే ప్రమాణం ప్రకారం చిప్‌బోర్డుకి తరగతులు ఉన్నాయి. పీ2 పొడి చోట వాడే ఫర్నిచర్‌కి, పీ3, పీ5 తేమ ఉండే చోటుకి. వంటిల్లంతా పీ5 పెట్టాల్సిన పని లేదు గానీ సింకు కింద, డిష్‌వాషర్ పక్కన మాత్రం తేమ తట్టుకునే రకం ఇమ్మని అడగండి. కొందరు లోపల ఆకుపచ్చగా ఉన్న ముక్క చూపించి ఇది వాటర్‌ప్రూఫ్ అంటారు. ఆ పచ్చదనం గుర్తుపట్టడానికి కలిపిన రంగు మాత్రమే, నీళ్ళు ఆపేది జిగురు. పైగా తేమ తట్టుకోవడం వేరు, నీళ్ళలో నానినా చెడకపోవడం వేరు. రెండోది ఏ చిప్‌బోర్డుకీ లేదు.

జిగురు మాట వచ్చింది కాబట్టి అందులోంచి గాలిలోకి వచ్చే ఫార్మల్డిహైడ్ అనే హానికరమైన ఘాటు వాయువు సంగతి కూడా. అది పరిమితిలోనే ఉందని తెలిపేలా యూరప్‌లో కనీసం ఈ1 అని, అమెరికాలో టీఎస్‌సీఏ టైటిల్ 6 అని లేబుల్ ఉండాలి. చంటిపిల్లలున్న ఇల్లయితే ఇది అడగడానికి మొహమాటపడొద్దు. షోరూంలో మూసి ఉన్న సొరుగు తెరిచి వాసన చూడండి, ముక్కు మండితే ఆలోచించుకోండి.

ఇక అంచులు. నా దృష్టిలో క్యాబినెట్ తెలివంతా ఇక్కడే ఉంటుంది. పలక పైన మెలమైన్ ఉన్నంతసేపు నీళ్ళు లోపలికి పోవు, పోయేది అంచులోంచే. అంచుకి ప్లాస్టిక్ పట్టీ అతికిస్తారు. చవక రకంలో 0.4 మిల్లీమీటర్ల పలచటి పట్టీ, మంచి రకంలో 1 లేదా 2 మిల్లీమీటర్లు. గోరు పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుందంటే పట్టీ సరిగ్గా అతకలేదని. మూలల్లో జిగురు మరకలు, తెల్లటి గీత, పట్టీ లేచిన చోటు ఉన్నాయేమో చూడండి. జిగురు ఏ రకమో తెలిస్తే ఇంకా మంచిది. మామూలు ఈవీఏ జిగురు వేడికి మెత్తబడుతుంది, పీయూఆర్ జిగురు వేడినీ తేమనీ బాగా తట్టుకుంటుంది.

తర్వాత అందరూ వదిలేసే పని. కనిపించే అంచులకి పట్టీ అందరూ వేస్తారు, కనిపించనివాటి సంగతి చూడాలి. పక్క పలకల అడుగుభాగం, అర వెనక అంచు, పైపులు వచ్చే చోటు. నమూనా పెట్టె కింద చెయ్యి పెట్టి తడమండి. గరుగ్గా పొట్టు తగిలితే అక్కడ పట్టీ లేనట్టే. నేను షోరూంలో మోకాళ్ళ మీద కూర్చుని ఇలా తడుముతుంటే మా ఆయన నాకు సంబంధం లేని మనిషిలా పక్క వరసలోకి వెళ్ళిపోతారు. పోనివ్వండి.

వెనక పలకని బొటనవేలితో నొక్కండి. 3 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు అయితే డప్పులా లోపలికి పోతుంది. 8 మిల్లీమీటర్లు, ఆపైన అయితే కదలదు. పెట్టె మూలమట్టం తప్పకుండా నిలబెట్టేది వెనక పలకే. అది పలచనైతే బిగించేటప్పుడు పెట్టె ఒకవైపుకి ఒరిగి, తలుపుల మధ్య సందు పైన ఒకలా కింద ఒకలా వస్తుంది. విడి ముక్కలుగా వచ్చేవాటి మీద ఉన్న చులకన భావం నాకు లేదు. సరిగ్గా, నిదానంగా బిగిస్తే అవీ బాగానే నిలుస్తాయి.

తలుపుల్లో నాకున్న అనుమానమల్లా ఎమ్‌డీఎఫ్ (సన్నటి చెక్క నారని ఒత్తి చేసిన పలక) మీద పలచటి పీవీసీ ప్లాస్టిక్ రేకు వేడితో అతికించిన రకం మీదే. చూడ్డానికి పెయింటు వేసినట్టు అందంగా ఉంటుంది. కానీ ఓవెన్ పక్కన, కెటిల్ ఆవిరి తగిలే చోట ఆ రేకు లేచిపోతుంది. ఒకసారి లేచాక మళ్ళీ అతకదు. చవకలో సాదా మెలమైన్ తలుపే మేలు. మెరుపు ఉండదు గానీ పీకులాట ఉండదు.

బందులకి వద్దాం. తలుపు తెరిచి లోపల లోహం మీద అక్షరాలు చదవండి. బ్లమ్, హెట్టిక్, గ్రాస్, సాలీచే, ఇలాంటి పేర్లు ముద్రవేసి ఉంటాయి. బందులో తలుపు కన్నంలోకి దిగే గుండ్రటి గిన్నెలాంటి భాగం సాధారణంగా 35 మిల్లీమీటర్ల వెడల్పే కాబట్టి నాసి బందు విరిగినా మంచిది తెచ్చి పెట్టుకోవడం కష్టం కాదు, అందుకే దీన్ని మార్చుకోగలిగే జాబితాలో వేశాను. ఒక కిటుకు మాత్రం గమనించండి. బ్రోషర్‌లో ఫలానా కంపెనీ హార్డ్‌వేర్ అని రాసి, బందులు మాత్రమే వాళ్ళవి పెట్టి, సొరుగుల పట్టాలు ఊరూపేరూ లేనివి వేస్తారు. రెండూ విడివిడిగా అడగండి.

సొరుగుని పూర్తిగా బయటికి లాగి, ముందు అంచు మీద చేత్తో నెమ్మదిగా బరువు మోపండి. కొంచెం దిగడం మామూలే. అటూఇటూ ఊగితే, గరగరమంటే వద్దు. కొన్ని ముప్పాతిక దాకానే వస్తాయి, వెనకున్నది తీయాలంటే చెయ్యి దూర్చాలి. పట్టాలు ఎన్ని కిలోలు మోస్తాయో అడగండి. చాలావాటికి 30 కిలోలని చెబుతారు, పెద్ద గిన్నెల సొరుగుకి అంతకంటే ఎక్కువది కావాలి. ఆఖర్న సొరుగు అడుగున అరచెయ్యి పెట్టి పైకి నొక్కండి. అట్టలా లేస్తే, రెండేళ్ళలో అది గాడిలోంచి జారి కింది సొరుగులో పడుతుంది. సాఫ్ట్‌క్లోజ్ చూసి మురిసిపోకండి, ఇప్పుడది చవక వాటిలోనూ వస్తోంది.

అమెరికాలో ఉన్నవాళ్ళు సొరుగు లోపలో, సింకు పెట్టె తలుపు వెనకో కేసీఎమ్ఏ (అక్కడి కిచెన్ క్యాబినెట్ తయారీదారుల సంఘం) ముద్ర ఉందేమో చూడండి. ఆ ముద్ర కావాలంటే తలుపుల్నీ సొరుగుల్నీ 25,000 సార్లు తెరిచి మూస్తారు. అరల మీద చదరపు అడుగుకి 15 పౌండ్ల చొప్పున వారం రోజులు బరువు పెడతారు. గోడ క్యాబినెట్‌కి మెల్లమెల్లగా 600 పౌండ్ల దాకా ఎక్కిస్తారు. తలుపు అంచుని సబ్బునీళ్ళతో తడిపిన స్పాంజి మీద 24 గంటలు నిలబెడతారు. నాకు ఈ చివరి పరీక్ష బాగా నచ్చింది, ఎందుకంటే దాన్ని మనం ఇంట్లోనే చేసుకోవచ్చు.

చేయాల్సిందల్లా ఒక్కటే. కొటేషన్ ఇచ్చిన ప్రతివాళ్ళనీ, ఒక అంచుకి పట్టీ అతికించి ఉన్న పెట్టె పలక ముక్కలు రెండు అడగండి. అరచేతంత చాలు. స్కేలుతో మందం కొలిచి ముక్క మీదే పెన్నుతో రాయండి. పట్టీ ఉన్న అంచు కిందికి వచ్చేలా, ఆ అంచు మాత్రమే తడిసేంత నీళ్ళున్న గిన్నెలో నిలబెట్టి రాత్రంతా ఉంచండి. పక్కనే కోసిన అంచు కిందికి పెట్టి ఇంకో ముక్క. పొద్దున తుడిచి మళ్ళీ కొలవండి. కోసిన అంచు ఎలాగూ ఉబ్బుతుంది, ఎంత ఉబ్బిందనేదే తేడా. పట్టీ ఉన్నది ఉబ్బకూడదు, పట్టీ చివర గోరు దూరకూడదు. ముక్క ఇవ్వడానికి నసిగేవాళ్ళని నేనైతే అక్కడే వదిలేస్తాను.

బిగించేవాళ్ళ గురించి కూడా రెండు మాటలు. ఎంత మంచి పెట్టె అయినా బిగింపు బాగోకపోతే దండగ. కింది పెట్టెలు సర్దుబాటు కాళ్ళ మీద నిలబడాలి, పలక నేలకి తగలకూడదు. తగిలిందంటే నేల తుడిచిన నీళ్ళు రోజూ తాగుతుంది. గోడ పెట్టెల్ని ఉత్తి జిప్సమ్ బోర్డుకి కాకుండా దాని వెనకుండే స్టడ్‌లకి (గోడలోని నిలువు దూలాలకి) బిగించాలి. పైపుల కోసం కోసిన ప్రతి కన్నానికీ సిలికానో వార్నిషో పూయాలి. డిష్‌వాషర్ పైన కౌంటర్‌టాప్ అడుగుకి ఆవిరి ఆపే పట్టీ వేయాలి. వాళ్ళు వెళ్ళకముందే రసమట్టం పెట్టి చూసుకోండి, అది మీ దగ్గరే ఒకటి ఉంచుకోండి. మందం, పలక తరగతి, అంచు పట్టీ, బందుల పేరు, పట్టాల పేరు కొటేషన్ కాగితంలోనే రాయించుకోండి. నోటితో చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఆ అమ్మాయి నిన్న రాత్రి ఫొటో పంపింది. మూడు గిన్నెల్లో చెక్కముక్కలు, పక్కన స్కేలు. అన్నిటికంటే చవక కొటేషన్ వాళ్ళదీ, మధ్య రకం వాళ్ళదీ 18 మిల్లీమీటర్ల పలకే, పట్టీ రెంటికీ గట్టిగా ఉంది, తేడా అంతా తలుపుల్లోనే ఉంది. చవకవాళ్ళ పెట్టెలే తీసుకుని, మిగిలిన డబ్బుతో సొరుగు పట్టాలు మంచివి వేయించుకుంటానంది. ఇప్పుడిక తలుపుల రంగు దగ్గర మొగుడూ పెళ్ళాలకి కుదరడం లేదట, నన్ను చెప్పమంటోంది. ఆ జోలికి నేను రానన్నాను.